రోజూ మధ్యాహ్నం రెండింటికి టూర్ ఆపేద్దామనిపిస్తోంది, ఇది మామూలేనా?

ఒక్కడినే సైకిల్ మీద బయలుదేరి ఇవాళ్టికి ఆరో రోజు. మొత్తం 18 రోజుల ప్లాన్, రోజుకి 90 కిలోమీటర్లు అనుకున్నా, సామానుతో కలిపి బండి 32 కిలోలు. పొద్దున ఐదున్నరకి ఎక్కితే పది దాకా కాళ్లు వాటంతటవే తిరుగుతాయి, నేనూ చైన్ చప్పుడూ తప్ప రోడ్డు మీద ఇంకేమీ ఉండదు, దీనికోసమే కదా వచ్చింది అనిపిస్తుంది. మధ్యాహ్నానికి ఎదురుగాలి మొదలవుతుంది. ఇవాళ చెట్టు కింద సైకిల్ ఆనించి కూర్చుంటే ఊరికే ఏడుపొచ్చింది, ఇంటికి బస్సులు కూడా వెతికాను. సాయంత్రం స్నానం చేసి తిన్నాక మళ్లీ మామూలే. మూడు రోజులుగా ఇదే వరస. ఇది ఒంటరితనమా, ఒంట్లో సత్తువ చాలకా? ఎడమ చేతి చివరి రెండు వేళ్లు తిమ్మిరెక్కుతున్నాయి కూడా.

జవాబు 1:
పదికీ రెండింటికీ మధ్య ఏం తిన్నారో రాయలేదు. నా అనుమానం అక్కడే. కండరాల్లో, కాలేయంలో దాచుకున్న పిండిపదార్థం గట్టిగా తొక్కితే సుమారు రెండు గంటల్లో చాలావరకు అయిపోతుంది, అది తగ్గినప్పుడు కాళ్లతో పాటు మనసూ పడిపోతుంది, చిరాకు, దిగులు, ఏడుపు అన్నీ వస్తాయి. ఆకలేసేదాకా ఆగొద్దు. గంటకి 30 నుంచి 60 గ్రాముల పిండిపదార్థం వెళ్లేలా అరగంటకోసారి కొంచెం కొంచెం తినండి. చెమట బాగా పడుతుంటే ఉత్త నీళ్లే తాగుతూ పోవద్దు, ఉప్పు కూడా పడాలి. ఇంకొకటి, ఆపేయాలా వద్దా అనేది కడుపు నిండాక అరగంట ఆగి తేల్చుకోండి, అంతకుముందు వద్దు.

జవాబు 2:
పై జవాబు నిజమే కానీ గాలిని తక్కువగా చూడొద్దండి. మీరు గంటకి 15 కిలోమీటర్ల వేగంతో వెళ్తుంటే ఎదురుగా 15 వేగంతో గాలి వస్తే ఒంటికి తగిలేది 30, గాలి అడ్డుకునే బలం నాలుగింతలు. అదే వేగం నిలబెట్టాలని చూస్తే ఎవరైనా కూలబడతారు. మీటర్ చూడటం మానేసి, రెండు గేర్లు తగ్గించి, పెడల్ తేలిగ్గా తిరిగేలా పెట్టుకోండి, వేగం పదికి పడిపోతే పడిపోనివ్వండి. ఎండకి నేల వేడెక్కి పైన ఉండే వేగమైన గాలి కిందికి కలుస్తుంది కాబట్టి మధ్యాహ్నం గాలి ఎక్కువ, అందుకే నేను నాలుగున్నరకే ఎక్కి పన్నెండుకల్లా రోజు దూరంలో ముప్పావు వంతు తొక్కేస్తా.

వేళ్ల సంగతి: అరచేతి అంచున పోయే నరం హ్యాండిల్‌కి నొక్కుకుంటోంది. చేతుల పట్టు మారుస్తూ ఉండండి, సీటు ముక్కు కిందికి వంగి ఉంటే బరువంతా చేతుల మీదే పడుతుంది, సరిచేయండి. అప్పటికీ తగ్గకపోతే రెండు రోజులు ఆపి డాక్టర్‌కి చూపించండి, దీన్ని మాత్రం సాగదీయొద్దు.

జవాబు 3:
అంతా తిండి, గాలే అంటే నేను ఒప్పుకోను. నా మొదటి సోలోలో బాగానే తిన్నా ఐదో రోజు అలాగే అయింది, రోజంతా ఎవరితోనూ నాలుగు మాటలు లేవు. మధ్యాహ్నం ఆగినప్పుడు ఇంట్లోవాళ్లకి ఫోన్ చేయడం అలవాటు చేసుకున్నాక తేలికైంది, కష్టం చెప్పుకోవడానికి కాదు, ఊరికే వాళ్ల గొంతు వినడానికి. అన్నట్టు, ఆరు రోజుల్లో ఒక్క రోజైనా విశ్రాంతి తీసుకున్నారా?

ప్రశ్న అడిగినవారు:
లేదండీ, ఒక్క రోజూ ఆగలేదు. పదికి టిఫిన్ చేశాక మళ్లీ మూడింటికే తింటున్నాను, ఇప్పుడు చదువుతుంటే తప్పు కనబడుతోంది. సీటు చూశాను, ముక్కు నిజంగానే వంగి ఉంది, సరిచేశా. రేపు తొక్కను. ఎల్లుండి నాలుగున్నరకి ఎక్కుతా, హ్యాండిల్ సంచిలో తిండి పెట్టుకుని. అమ్మకి ఇప్పుడే ఫోన్ చేశాను.