ఈ వారం సమస్య: తాత చచ్చి పిదప తాండవించె

కావలి మాస్టారు: ఇది ఆటవెలది నాలుగో పాదం, పై మూడు పాదాలు మీరు రాసి పద్యం పూర్తి చేయాలి. అంశం ఆఫ్రికా ఆచారాలు. కల అనీ, నాటకం అనీ తప్పించుకోవద్దు. తాత నిజంగానే ఆడాలి.

ఒంగోలు తమ్ముడు:
అడవి నడుమ డప్పు లాఫ్రికా ఖండాన
మోగ మంత్రగాడు మోర యెత్తి
పిలువగానె లేచి పెద్దగా నవ్వుచు
తాత చచ్చి పిదప తాండవించె

మాస్టారు: గణాలు, యతులు కుదిరాయి తమ్ముడూ. నాకు నచ్చనిది విషయం. ఏ దేశపు తాత? ఏ జాతి తాత? అక్కడ 54 దేశాలున్నాయి. సహారా ఎడారి ఉంది, పెద్ద నగరాలున్నాయి. అడవి, డప్పు, మంత్రగాడు మనం సినిమాల్లో చూసినవి. స్వర్ణాల చెరువులో దిగి, కోరిక కొద్దీ రొట్టెలు మార్చుకునే మన నెల్లూరు పండుగను ఎవరైనా 'ఆసియా ఆచారం' అని రాస్తే మనకెలా ఉంటుంది? పేరు పెట్టి చెప్పడం ఆ మనుషులకు మనమిచ్చే మర్యాద.

కందుకూరు అక్క: నైజీరియా, బెనిన్ దేశాల్లోని యొరుబా వారి 'ఎగుంగున్' మీద రాశాను. పొరలు పొరలుగా గుడ్డలు కప్పుకున్న ఆ వేషంలో పూర్వీకులే వచ్చి దీవిస్తారని వాళ్ల నమ్మకం.
రంగు గుడ్డలెన్నొ రాశిగ దాల్చిన
వేషమందు యొరుబ వీధిలోన
ఇంటివారికెల్ల నిడ దీవెనలు వచ్చి
తాత చచ్చి పిదప తాండవించె

మాస్టారు: ఎంత బాగా పట్టుకున్నావమ్మా! 'లోన, ఇంటి' దగ్గర విసంధి వచ్చింది, అంటే కలపాల్సిన సంధి కలపలేదు. 'వీధిలోన నింటివారికెల్ల' అను, సరిపోతుంది. మలావీ, జాంబియా, మొజాంబిక్‌లలో చెవా వారు చనిపోయినవారి ఆత్మలుగా ముసుగులేసి ఆడే 'గులే వాంకులు' నాట్యం కూడా ఈ సమస్యకు సరిగ్గా అతుకుతుంది, ఎవరైనా ప్రయత్నించండి.

ఒంగోలు తమ్ముడు: మీ మాట నిజం మాస్టారూ. రాత్రంతా చదివాను. మడగాస్కర్ ఎత్తైన ప్రాంతాల్లో 'ఫమదిహాన' అని ఉంది. కొన్నేళ్లకోసారి సమాధి తెరిచి, పెద్దల అస్థికలకు కొత్త బట్ట చుట్టి, బంధువులంతా వాటిని ఎత్తుకుని పాటలతో ఆడతారు. కొందరు ఆ మూటను ఒళ్లో పెట్టుకుని కూర్చుంటారు. మా నాయన అస్థికలు పెన్నలో కలిపి, వెనక్కి తిరిగి చూడకుండా వచ్చేశాను. అది చదువుతుంటే కళ్లు తడిశాయి.
మన్ను దీసి గోరి మడగాస్కరందున
తెరచి పట్టు బట్ట తెచ్చి చుట్టి
భుజము మీద నెత్తి బొమికల నాడించ
తాత చచ్చి పిదప తాండవించె

అక్క: 'తెచ్చి చుట్టి' దగ్గర ఆగిపోయాను తమ్ముడూ. కొడుకు చేసే పని అది.

మాస్టారు: ఈ వారం పద్యం ఇదే. ఒక్క సవరణ. 'మీద నెత్తి' అంటే తల అని పొరబడతారు. 'భుజము మీద మోసి' అంటే గణమూ చెడదు, మోసిన బరువూ తెలుస్తుంది.

తమ్ముడు: మార్చాను మాస్టారూ.