పిల్లల చేత ఆశ్రమంలో బహుమతులు పంచిపెట్టించడం మంచిదేనా?

సర్జాపుర అమ్మ:
క్రిస్మస్ సెలవుల్లో మా అపార్ట్‌మెంట్ సంఘం వాళ్లు పిల్లలందరినీ దగ్గరలోని ఒక బాలల ఆశ్రమానికి తీసుకెళ్తామంటున్నారు. ప్రతి పిల్లవాడూ అక్కడి ఒక పిల్లవాడికి బహుమతి ఇవ్వాలి. ఆపైన కేకు, ఫొటోలు. మా వాడికి ఎనిమిదేళ్లు. "నేనిస్తే వాళ్లు నాకేమిస్తారు?" అని అడిగాడు. పంపమంటారా?

జయనగర తాతయ్య:
తప్పకుండా పంపమ్మా. మా గోదావరి ఊళ్లో ధనుర్మాసమంతా హరిదాసు వచ్చేవాడు. ఇంట్లో పెద్దలెందరున్నా దోసిట్లో బియ్యం పోసి పిల్లలనే పంపేవారు. ఆయన వాళ్ల చేతికి అందేలా వంగి, తలమీది పాత్రలో వేయించుకునేవాడు. ఇచ్చే గుణం అలా చేతులకు అలవాటు కావాలి, నీతి పాఠాలతో రాదు. బెంగళూరు ఫ్లాట్లలో పెరిగే పిల్లలకు ఆ అవకాశం ఎక్కడిది?

మారతహళ్లి వాసి:
తాతయ్యగారూ, మీ హరిదాసు మాటే నేను వద్దనడానికి కారణం. ఆయన కీర్తన పాడతాడు, దీవిస్తాడు. బియ్యం వేసిన పిల్లవాడే ఆయనకు దండం పెడతాడు. పుచ్చుకునేవాడి గౌరవం ఎక్కడా తగ్గదు. ఆశ్రమంలో జరిగేది వేరు. ఒకే ఈడు పిల్లలు ఎదురెదురుగా నిలబడతారు. ఒకరు ఇచ్చేవారు, మరొకరు పుచ్చుకుని కృతజ్ఞత చెప్పవలసినవారు. అక్కడి ఎనిమిదేళ్ల పిల్లకు ఆ రోజు ఎలా ఉంటుందో ఒక్కసారి ఆలోచించండి.

ఇక ఫొటోలు. 2015 బాలల న్యాయ చట్టం 74వ సెక్షన్ ప్రకారం సంరక్షణ అవసరమైన పిల్లల పేరు, బడి, ఫొటో వంటి గుర్తింపు వివరాలను పత్రికల్లో గానీ, మరే ప్రసార మార్గంలో గానీ బయటపెట్టకూడదు. తప్పితే ఆరు నెలల వరకు జైలు, లేదా 2 లక్షల వరకు జరిమానా, లేదా రెండూ. సంఘం వాట్సాప్ గ్రూపులో ఆ ఫొటోలు పెట్టే ముందు ఈ విషయం అందరికీ తెలియాలి.

పిల్లలకు దానం నేర్పవద్దని నేననను. బెంగళూరులోనే చక్కని పద్ధతి ఉంది. సంక్రాంతికి కన్నడ ఇళ్ల పిల్లలు నువ్వులు, బెల్లం, వేరుశెనగ, కొబ్బరి ముక్కలు కలిపిన ఎళ్ళు బెల్ల పళ్లెంలో పెట్టుకుని ఇల్లిల్లూ తిరుగుతారు. ఇచ్చిన ఇంటి నుంచి మళ్లీ తెచ్చుకుంటారు. మీ అబ్బాయి అడిగిన ప్రశ్నకు జవాబు అందులో ఉంది. ముందు మీ కాపలాదారు ఇంటికి, పనిచేసే అమ్మ ఇంటికి వాణ్ణి పంపండి. పేర్లు తెలిసిన మనుషులకు ఇవ్వడం నేర్చుకోవాలి. ఆడుకుంటున్న బొమ్మల్లోంచే వాడు ఒకటి ఎంచుకోవాలి. విరిగినవి సర్దేస్తే అది దానం కాదు, ఇల్లు శుభ్రం చేసుకోవడం.

కె.ఆర్.పురం టీచర్:
మీ వాదన బాగుంది, కానీ ఆశ్రమం నడిపేవాళ్ల బియ్యం, మందుల ఖర్చు మాటేమిటి? చూసి వెళ్లిన కుటుంబాలే తర్వాత సాయం చేస్తాయి. గేటు దగ్గరే ఆపేస్తే నష్టపోయేది ఆ పిల్లలే.

మారతహళ్లి వాసి:
డబ్బు పెద్దలు ఇవ్వవచ్చు, మీ పిల్లవాడి హుండీలోదీ కలపవచ్చు. దానికి ఎవరినీ వరుసలో నిలబెట్టనక్కరలేదు. డిసెంబరులో కేకుల మీద కేకులు తెచ్చే బదులు, బడులు తెరిచే వేళకు ఏం కావాలో ఆశ్రమం వాళ్లనే అడగండి.

జయనగర తాతయ్య:
ఫొటోల మాట ఒప్పుకుంటాను, నాకూ అవి నచ్చవు. కానీ పిల్లలను దూరంగా ఉంచడం నాకు సమ్మతం కాదు. లంకలగన్నవరంలో డొక్కా సీతమ్మగారు (1841–1909) ఆకలితో వచ్చినవారికి వేళ చూడకుండా తన ఇంట్లోనే వండి వడ్డించారు. ఎదురుగా కూర్చున్న మనిషి ముఖం చూడకుండా దయ ఎలా పుడుతుంది? పిల్లలు వెళ్లాలి. బహుమతులు లేకుండా, క్రికెట్ బ్యాటుతో వెళ్లనివ్వండి. మళ్లీ మళ్లీ వెళ్లనివ్వండి.

కె.ఆర్.పురం టీచర్:
దానికి ఆశ్రమం అనుమతి కావాలి, వేళలు పాటించాలి. ఒకసారి వెళ్లి మానేస్తే ఎదురుచూసే పిల్లలకు అది మరింత బాధ. ఏడాది పొడుగునా వెళ్లగలరా అన్నది ముందు తేల్చుకోండి.

సర్జాపుర అమ్మ:
ఆదివారం సంఘం సమావేశంలో మూడు విషయాలు అడుగుతాను: ఫొటోలు వద్దు, బహుమతుల డబ్బు నేరుగా ఆశ్రమానికి, నెలకొకసారి ఆటకు వెళ్లే కుటుంబాలు ఎన్ని? చివరిదానికి ఎవరూ చేయి ఎత్తకపోతే మా వాణ్ణి ఆ రోజు పంపను.