కొత్తవాళ్లకు పైస్థాయి మెళకువలు ఎప్పుడు నేర్పాలి? మీ అనుభవాలు చెప్పండి

తూనీగ
మా చిన్నాన్న కొడుకుకు స్ట్రీట్ ఫైటర్ 6 నేర్పుతున్నాను. పోరాట ఆటలు ఆడటం వాడికి ఇదే మొదటిసారి. నాకు తెలిసినదంతా త్వరగా వాడికి అందించాలన్న ఆరాటంలో రెండో రోజే ర్యూ అనే పాత్రతో డ్రైవ్ రష్ (మెరుపులా ముందుకు దూసుకెళ్లడం) కాంబో చూపించాను. కూర్చుని మీడియం కిక్, అది తగలగానే డ్రైవ్ రష్, ఆపైన వరుస దెబ్బలు. పట్టుదల గలవాడు, మూడు సాయంత్రాలు సాధన చేసి పట్టేశాడు. తీరా ఆన్‌లైన్‌లో ఆడితే వరుసగా పదకొండు ఓటములు. ఎదుటివాళ్లు ఎగిరి వచ్చి తన్నుతుంటే ఏమి చేయాలో వాడికి తెలియలేదు. నేర్చుకున్న కాంబో వాడే సందర్భం ఒక్కటీ రాలేదు. ఇప్పుడు ఆడదామని పిలిస్తే "తర్వాత చూద్దాం అన్నయ్యా" అంటున్నాడు. మీరైతే దేనితో మొదలుపెడతారు?

గోడచాటు
తూనీగ గారూ, ఆ కాంబో ఖర్చు చూడండి. కిక్ మధ్యలో డ్రైవ్ రష్ చేస్తే ఇలాంటి మెళకువలకు ఖర్చయ్యే ఆరు డ్రైవ్ గడుల్లో మూడు పోతాయి. ఎప్పుడు ఆపుకోవాలో తెలియనివాడు రెండుసార్లు చేస్తే గడులన్నీ ఖాళీ అయి బర్నవుట్‌లో పడతాడు. అప్పుడు డ్రైవ్ మెళకువలేవీ పనిచేయవు, ప్రత్యర్థి స్పెషల్ దెబ్బలు బ్లాక్ చేసినా ప్రాణం తరుగుతుంది. పొదుపు తెలియకముందే ఖర్చు నేర్పినట్లయింది.

నేను మొదట ఎగిరి వచ్చేవాడిని కింద పడేయడం నేర్పుతాను. షోర్యూకెన్ అనే ఎగిరి గుద్దే దెబ్బ కూడా వద్దు, దాని కదలిక చేతికి పట్టడానికి రోజులు పడుతుంది. ర్యూ కూర్చుని కొట్టే హెవీ పంచ్ చాలు, ఒక్క బటన్. రెండు మూడుసార్లు కింద పడితే చాలామంది ఎగరడం తగ్గిస్తారు. అది చూసిన రోజున కొత్తవాడికి ఆట అర్థమవడం మొదలవుతుంది: నేను ఒకటి చేస్తే అతను మారాడు, అతను మారితే నేను మారాలి. ఆ తర్వాతే కాంబోలు.

ఏడో ఫ్రేము
దీనితో సగమే ఏకీభవిస్తాను. అన్నిటినీ "తర్వాత" అని వాయిదా వేయడం ప్రమాదమని నేను అనుభవంతో తెలుసుకున్నాను. సూపర్ స్మాష్ బ్రదర్స్ మెలేలో ఎల్-క్యాన్సిల్ అని ఉంది. గాలిలో దెబ్బ వేసి నేలకు దిగే ముందు ఏడు ఫ్రేముల లోపల షీల్డ్ బటన్ నొక్కితే, దిగాక కదలలేని సమయం సగమవుతుంది. సెకనుకు అరవై ఫ్రేములు, అంటే మీకున్నది సెకనులో ఎనిమిదో వంతు కన్నా తక్కువ. నాకు నేర్పినవారు "ఇప్పుడే ఎందుకు" అన్నారు. రెండేళ్లు అది లేకుండానే ఆడాను, వేళ్లు ఆ నెమ్మది లయకు అలవాటుపడ్డాయి. తర్వాత దాన్ని విరవడానికి నెలలు పట్టింది, ఆ నెలలంతా మునుపటికన్నా ఘోరంగా ఓడాను.

అందుకే నేను రెండుగా విడదీస్తాను. దాదాపు ప్రతి గాలి దెబ్బ వెంటా రావలసిన చేతి అలవాటైతే మొదటి వారంలోనే మొదలుపెట్టాలి, తప్పినా ఫరవాలేదు. సందర్భం చూసి వాడవలసినదైతే ఆ సందర్భం కంటికి కనిపించేదాకా ఆగాలి. వేవ్‌డ్యాష్ రెండో రకం. ఎగిరీ ఎగరగానే నేలవైపు వాలుగా ఎయిర్ డాడ్జ్ (గాలిలో తప్పుకోవడం) చేసి జారడం వేళ్లకు వస్తుంది, కానీ ఎటు జారాలో, ఎందుకు జారాలో తెలియనివాడు ఊరికే అటూ ఇటూ జారుతుంటాడు.

బంకరు
కౌంటర్-స్ట్రైక్‌లోనూ అంతే. పరుగెడుతూ కాలిస్తే గుండు చెదురుతుంది కాబట్టి, ఎడమకు వెళ్తుంటే కుడి మీట తట్టి ఆగి కాల్చడం మొదటి రోజే నేర్పుతాను. ఏకే-47లో ముప్పై గుండ్ల స్ప్రేను (ఆపకుండా కాల్చడాన్ని) అదుపు చేయడం చాలా తర్వాత.

వలసపక్షి
స్టార్‌క్రాఫ్ట్ 2లో నేను చూసినది చెబుతాను. ఒక మిత్రురాలికి మెరైన్లను (సైనికులను) కాల్చి జరిపి, కాల్చి జరిపి ఆడించడం నేర్పాను. అద్భుతంగా నేర్చుకుంది. ఎనిమిది మెరైన్లను నాట్యంలా ఆడిస్తూ, కాసేపటికి వాళ్లను కాపాడుకోలేక ఓడిపోయేది. రీప్లే తెరిచి చూస్తే ఆ సమయానికి స్థావరంలో సైనికులను తయారు చేయడానికి ఖర్చు పెట్టాల్సిన మినరల్స్ రెండు వేలు పోగుపడి ఉన్నాయి. మెరైన్ ఖరీదు యాభై. అంటే నలభై మంది పుట్టనేలేదు! ఆమె చూపంతా నేను నేర్పిన చోటే ఉండిపోయింది. కొత్తవాళ్ల దగ్గర ఉండేది గుప్పెడు శ్రద్ధ. పైమెళకువ నేర్పినప్పుడు అది దేని నుంచి ఆ శ్రద్ధను లాగేసుకుంటుందో చూసుకోవాలి. తర్వాత రెండు వారాలు యుద్ధం వైపు చూడకుండా, పనివాళ్లనూ సైనికులనూ ఆగకుండా తయారు చేయడమే పనిగా పెట్టుకున్నాం. గెలుపులు అప్పుడు వచ్చాయి.

ఆకాశమల్లి
నేర్చుకున్న వైపు నుంచి ఒక మాట. రాకెట్ లీగ్ నేను మొదలుపెట్టిందే కారు గాలిలో ఎగిరి బంతిని కొట్టడం చూసి. "నీకింకా సమయం ఉంది, ముందు చిన్న ప్యాడ్లు ఏరుకో" అని అందరూ అన్నారు. అది సరైన సలహాయే. చిన్న ప్యాడ్‌కు పన్నెండు చొప్పున బూస్ట్ (కారును వేగంగా నడిపే, ఎగిరించే ఇంధనం) ఏరుకుంటూ వెళ్తే, వంద ఇచ్చే పెద్ద ప్యాడ్ కోసం గోల్ వదిలి పరుగెత్తనవసరం లేదు. కానీ నేను రోజూ మళ్లీ ఆట తెరిచింది ఆ ఎగరడం కోసమే. మ్యాచ్‌లలో వాడనని మాట ఇచ్చి, రోజుకు పది నిమిషాలు ఒంటరిగా ఎగిరేదాన్ని. ఆ పది నిమిషాలు ఎవరైనా లాక్కుని ఉంటే మానేసేదాన్ని. తూనీగ గారూ, మీ తమ్ముడికి ఆటలో ఏది నచ్చిందో అడిగారా?

తూనీగ
అడగలేదు. నిన్న అడిగాను. వాడికి కాంబోలు నచ్చలేదు, ఎదుటివాడి ఎత్తు పసిగట్టి అడ్డుకోవడం నచ్చిందట. హెవీ పంచ్ చూపించాను. గంటసేపు నేనే ఎగిరి ఎగిరి పడ్డాను, వాడు నవ్వుతూనే ఉన్నాడు. రాత్రి ఆన్‌లైన్‌లో పదింటిలో నాలుగు గెలిచి తనే ఫోను చేశాడు. దూరంగా నిలబడి హడోకెన్లు (శక్తి గోళాలు) విసిరేవాళ్లను ఎలా చేరుకోవాలని అడిగాడు. పారీ (బటన్ పట్టుకుని దెబ్బను అడ్డుకునే డ్రైవ్ మెళకువ) నేర్పనా?

గోడచాటు
ఇంకో రెండు రోజులు ఆగండి. ఒకటి బ్లాక్ చేసి రెండడుగులు ముందుకు నడవడం, మళ్లీ బ్లాక్ చేయడం ముందు రానివ్వండి. పారీ ఇప్పుడే ఇస్తే ఆ బటన్ పట్టుకుని అక్కడే నిలబడిపోతాడు, డ్రైవ్ కరిగిపోతుంది, దూరం మాత్రం తగ్గదు.