బిట్‌కాయిన్ తరువాతి తరం బ్లాక్‌చెయిన్ డబ్బుకు మించి ఏం చేయగలదు?

ప్రశ్న (బీకాం విద్యార్థి):
ఎవరు ఎవరికి ఎంత పంపారో అందరి దగ్గరా ఒకేలా ఉండే ఖాతా పుస్తకమే బిట్‌కాయిన్ అని అర్థమైంది. ఇథీరియం అనే మరో బ్లాక్‌చెయిన్‌కు కూడా సొంత నాణెం ఉండగా, దాన్ని రెండో తరమని ఎందుకంటున్నారు? మా ఊళ్ళో ఒకే పొలానికి ఇద్దరి దగ్గర పాసుపుస్తకాలున్న తగాదా ఏళ్ళుగా నడుస్తోంది. అలాంటి చోట ఇది పనికివస్తుందా?

జవాబు (సాఫ్ట్‌వేర్ ఇంజనీరు):
బిట్‌కాయిన్‌లో షరతులు రాసే భాషను కావాలనే పరిమితంగా ఉంచారు. విటాలిక్ బ్యుటెరిన్ 2013 చివర్లో ప్రతిపాదించగా 2015 జులై 30న మొదలైన ఇథీరియంలో, ఖాతాలతో పాటు పూర్తి స్థాయి ప్రోగ్రాములను కూడా గొలుసులో, అంటే బ్లాక్‌చెయిన్ అనే ఆ ఉమ్మడి ఖాతా పుస్తకంలో, ఉంచవచ్చు. వాటినే స్మార్ట్ కాంట్రాక్టులంటారు. ఫలానా షరతు నెరవేరితే ఫలానా వారికి సొమ్ము చేరాలని రాసిపెడితే, దాన్ని నెట్‌వర్క్‌లోని కంప్యూటర్లన్నీ నడిపి ఒకే ఫలితం వచ్చిందని సరిచూస్తాయి కనుక, మధ్యవర్తి మాట మీద ఆధారపడనక్కరలేదు. ప్రతి లెక్కకూ గ్యాస్ అనే రుసుము ఉంటుంది. అది లేకపోతే ఎవరైనా ఎప్పటికీ ఆగని ప్రోగ్రాము రాసి అన్ని యంత్రాలనూ స్తంభింపజేయగలరు. ఈథర్ అనే నాణెం అవసరమైంది ముఖ్యంగా ఈ రుసుము కోసమే.

జవాబు (సహాయ సంస్థలో పనిచేసినవారు):
నాకు నచ్చిన ఉదాహరణ జోర్డాన్‌లోని అజ్రక్ శిబిరం. 2017లో ఐక్యరాజ్యసమితికి చెందిన ప్రపంచ ఆహార కార్యక్రమం అనే సంస్థ అక్కడి సిరియా శరణార్థులకు, ఇథీరియం ఆధారంగా నిర్మించిన వ్యవస్థ ద్వారా ఆహార సహాయం అందించింది. దుకాణంలో కంటిపాపను స్కాన్ చేయగానే కొనుగోలు మొత్తం వారి ఖాతాలోంచి తగ్గేది. అయితే మొదట్లో ఆ గొలుసును ఒకే సంస్థ నడిపింది. అంతమాత్రానికి మామూలు డేటాబేసు సరిపోదా అన్న విమర్శ న్యాయమైనదే. ఒకరినొకరు పూర్తిగా నమ్మని పలు సంస్థలు ఒకే లెక్క ఉంచుకోవలసి వచ్చినప్పుడే దీని విలువ తెలుస్తుంది.

జవాబు (భూ వ్యవహారాల న్యాయవాది):
ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కూడా 2017లో భూరికార్డుల కోసం బ్లాక్‌చెయిన్ ప్రయోగం చేపట్టింది. కానీ మీ ఊరి తగాదాను గొలుసు తీర్చలేదు. ఎక్కించిన నమోదును ఎవరూ గుట్టుగా దిద్దకుండా అది కాపాడుతుందే తప్ప, ఎక్కించేనాటికి అందులో ఉన్నది నిజమో కాదో దానికి తెలియదు. సర్వే, విచారణ, కోర్టు తీర్పు పూర్తయ్యాక ఎక్కిస్తేనే ప్రయోజనం.

పైగా ప్రోగ్రాములోనే లోపముంటే అదీ యథాతథంగా అమలవుతుంది. 2016 జూన్‌లో ద డావో అనే ఉమ్మడి నిధి నుంచి అలాంటి లోపం ద్వారానే సుమారు 36 లక్షల ఈథర్లను మళ్ళించారు. మరుసటి నెలలో ఎక్కువమంది గొలుసునే మార్చి ఆ సొమ్మును వెనక్కి తెచ్చారు. ఒప్పుకోనివారు పాత గొలుసును ఇథీరియం క్లాసిక్ పేరుతో కొనసాగించారు. పొలం విషయంలో అలా రెండు పుస్తకాలు ఏర్పడితే ఏది చెల్లుతుందో మళ్ళీ చట్టమే చెప్పాలి.