యాంటీ సర్జ్ వాల్వ్‌కి అటూ ఇటూ బ్లాక్ వాల్వులు: ఉండాలా, వద్దా?

గీతలమనిషి: సెంట్రిఫ్యూగల్ గ్యాస్ కంప్రెసర్, ఒకటే ట్రైన్ (కంప్రెసర్ సెట్టు), స్టాండ్‌బై లేదు. డిశ్చార్జ్ (బయటికొచ్చే) గ్యాస్‌ని మళ్లీ సక్షన్‌కి (పీల్చే వైపుకి) తెచ్చే రీసైకిల్ లైన్‌లో, సర్జ్ రాకుండా తెరుచుకునే యాంటీ సర్జ్ వాల్వ్‌కి రెండు వైపులా బ్లాక్ వాల్వులు (లైన్‌ని పూర్తిగా మూసేవి) కావాలని మెయింటెనెన్స్, వద్దని ప్రాసెస్. మీరేమంటారు?

సర్జ్‌లైన్: వద్దు. సర్జ్‌లో, అంటే ఫ్లో మరీ తగ్గి కంప్రెసర్ డిశ్చార్జ్ ప్రెషర్‌ని నిలుపుకోలేనప్పుడు, సెకనులోపే ఫ్లో వెనక్కి తిరుగుతుంది. అందుకే ఆ వాల్వ్ 2 సెకన్లలోపు పూర్తిగా తెరుచుకోవాలంటాం, ఇన్‌స్ట్రుమెంట్ ఎయిర్ పోయినా తెరుచుకునే రకమే తీసుకుంటాం. దాని ముందు చేత్తో తిప్పే వాల్వ్ సగం మూసి ఉంటే కంట్రోలర్‌కి తెలియదు. యాంటీ సర్జ్ వాల్వ్ తెరుచుకుంటుంది, గ్యాస్ మాత్రం చాలినంత పోదు. థ్రస్ట్ బేరింగ్, సీళ్లు పోతాయి.

వాల్వ్‌బాబాయ్: మరి యాంటీ సర్జ్ వాల్వ్ మూసి ఉన్నా సీటు పాసవుతుంటే (గ్యాస్ లీకవుతుంటే)? కంప్రెస్ చేసిన గ్యాసే మళ్లీ సక్షన్‌కి చేరుతుంది, ఆ పవరంతా దండగ. ట్రిమ్ (వాల్వ్ లోపలి భాగాలు) మార్చడానికి లూప్ మొత్తం గ్యాస్‌ని ఫ్లేర్‌కి (కాల్చేసే గొట్టానికి) వదలాలా? ఫుల్ బోర్ బాల్ వాల్వులు పెట్టి తెరిచి తాళం వేయండి, మధ్యలో చిక్కిన గ్యాస్ వదలడానికి బ్లీడ్ ఇవ్వండి. పూర్తిగా తెరిచినట్టు లిమిట్ స్విచ్ చూపకపోతే మెషిన్ స్టార్ట్ కాకూడదు.

రాత్రిషిఫ్ట్: తాళాల రిజిస్టర్ ఎవరు చూస్తారు?

సర్జ్‌లైన్: అదే నా మాట. తాళం డ్రాయింగ్‌లోనే ఉంటుంది.

వాల్వ్‌బాబాయ్: డిజైన్ వాళ్లు ఎప్పుడూ ఇంతే. గీసి వెళ్లిపోతారు, స్పానర్ పట్టేది మేము. లిమిట్ స్విచ్ అన్నాను, చదవనే లేదు.

పైపుమేస్త్రి: ముందు టేకాఫ్ (రీసైకిల్ లైన్ డిశ్చార్జ్ నుంచి చీలే చోటు) ఎక్కడో చూడండి. డిశ్చార్జ్ చెక్ వాల్వ్‌కి (గ్యాస్‌ని వెనక్కి రానివ్వనిది) కంప్రెసర్ వైపే ఉండాలి. అవతల తీస్తే హెడర్ (అవతలి పెద్ద పైపు) గ్యాసంతా రీసైకిల్‌లోకి వస్తుంది, డిశ్చార్జ్ ప్రెషర్ దిగదు. కూలర్ తర్వాత తీసి, సక్షన్ స్క్రబ్బర్‌కి (గ్యాస్‌లోని ద్రవాన్ని వేరుచేసేది) ముందు కలపండి. షట్‌డౌన్ వాల్వులు రెండూ లూప్‌కి బయటే.

సర్జ్‌లైన్: ఒప్పుకుంటా. బాబాయ్, సూటిగా చెప్పండి. మెషిన్ నడుస్తుండగా బ్లాక్ వాల్వ్ మూస్తారా?

వాల్వ్‌బాబాయ్: ఒక్కోసారి తప్పదు. ఫ్లో సర్జ్ లైన్‌కి (సర్జ్ మొదలయ్యే హద్దుకి) దూరంగా, నిలకడగా ఉంటే పర్మిట్ మీద ఒక గంట.

సర్జ్‌లైన్: ఇదీ అసలు పేచీ! ఆపిన మెషిన్ మాట అనుకున్నాను. ఆ గంటలో ట్రిప్ అయితే (మెషిన్ ఉన్నట్టుండి ఆగిపోతే)? స్పీడ్ పడిపోతుంది, డిశ్చార్జ్ ప్రెషర్ అంత త్వరగా దిగదు, క్షణాల్లో సర్జ్‌లోకి పోతుంది. నడుస్తుండగా పని కావాలంటే పూర్తి కెపాసిటీ యాంటీ సర్జ్ వాల్వులు రెండు పక్కపక్కన పెట్టండి, రెంటినీ ఒకేసారి బ్లాక్ చేయలేని కీ ఇంటర్‌లాక్‌తో.

వాల్వ్‌బాబాయ్: రెండోదానికి డబ్బిస్తే ఇప్పుడే ఒప్పుకుంటా.

గీతలమనిషి: బడ్జెట్ ఒకదానికే. బ్లాక్ వాల్వులు వేస్తాను, మెషిన్ ఆగాకే తాళం చెవి వచ్చేలా. నడుస్తుండగా లిమిట్ స్విచ్ సిగ్నల్ పోతే ట్రిప్ పెట్టనా?

సర్జ్‌లైన్: వద్దు, అలారం చాలు. బ్లాక్ వాల్వ్ నిజంగానే మూసి ఉంటే, ట్రిప్ చేసి మనమే సర్జ్‌లోకి తోసినట్టవుతుంది.

వాల్వ్‌బాబాయ్: ఇందులో మాత్రం ఆయనదే రైటు.