చిన్న ఆఫీసుకు క్లౌడ్ మెయిల్, క్లౌడ్ ఫైళ్లు అవసరమా?

బళ్లారి_చౌరస్తా (కర్నూలు):
మాది ట్యాక్స్ కన్సల్టెన్సీ, ఏడుగురం పనిచేస్తాం. అందరికీ కలిపి ఒకటే ఉచిత జీమెయిల్ ఐడీ. పాస్‌వర్డ్ అందరికీ తెలుసు గానీ ఓటీపీ వచ్చేది సార్ ఫోనుకే. ఆయన నంద్యాలకు పోయి ఫోన్ ఎత్తకపోతే మేం చేతులు కట్టుకుని కూర్చోవాల్సిందే. 15 జీబీ నిండిపోయి క్లయింట్ల మెయిళ్లు వెనక్కి పోతున్నాయి. ఫైళ్లేమో ఒక పాత సిస్టమ్‌లో షేర్డ్ ఫోల్డర్: ‘ఫైనల్’, ‘ఫైనల్ కొత్తది’, ‘సార్ చూసిన ఫైనల్’. మెయిల్, ఫైళ్లు నెట్‌లో వాళ్ల సర్వర్లలో ఉంచే క్లౌడ్ సర్వీసులు గూగుల్ వర్క్‌స్పేస్, మైక్రోసాఫ్ట్ 365, జోహోల్లో ఏదో ఒకటి తీసుకుందామంటే సార్ ఒప్పుకోవడం లేదు. “క్లయింట్ల పాన్‌లు, బ్యాంకు స్టేట్‌మెంట్లు ఎవరి కంప్యూటర్‌లోనో పెట్టి, పైగా మనమే నెలనెలా అద్దె కట్టాలా?” అంటున్నారు. మీరేమంటారు?

పాతూరు_సర్వీస్ (అనంతపురం):
మీ సార్ మాటే కరెక్టు. నేను హార్డ్‌వేర్ పని చేసేవాణ్ణి, రెండు డిస్కుల నాస్ బాక్స్ (ఆఫీసు నెట్‌వర్క్‌కు తగిలించే ఫైళ్ల పెట్టె) పెట్టుకోండి, ఒకసారి ఖర్చుతో పోతుంది. క్లౌడ్ అంటే మనిషికింత అని ప్రతి నెలా, దాని మీద 18 శాతం జీఎస్టీ. రేటు పెంచినా కట్టాల్సిందే, కట్టకపోతే మెయిల్ బంద్. 20వ తేదీ జీఎస్టీ 3బీ రిటర్న్ వేసే రోజు నెట్ పోయిందనుకోండి, మీ ఫైళ్లు మీకే కనపడవు.

హంద్రీ_గట్టు (కర్నూలు):
నెట్ పోతే జీఎస్టీ పోర్టలే తెరుచుకోదు కదన్నా, ఫైలు తెరిచి ఏం చేస్తారు? ఆ 18 శాతం సంగతంటారా, రిజిస్ట్రేషన్ ఉన్న ఆఫీసైతే ఇన్‌పుట్ క్రెడిట్‌లో వస్తుంది, అంటే మనం కట్టే జీఎస్టీలో తగ్గించుకోవచ్చు. ట్యాక్స్ ఆఫీసోళ్లకే ట్యాక్స్ లెక్క చెబితే ఎట్లా!

2009 అక్టోబరు వరద మర్చిపోయారా? తుంగభద్ర, హంద్రీ కలిసి ఊళ్లోకి వస్తే కింది అంతస్తుల్లోని ఫైళ్లు, సీపీయూలు అన్నీ బురదే. నాస్‌లో ఒక డిస్కు చెడిపోతే రెండోది కాపాడుతుంది, కాదనను. నీళ్లొస్తే మాత్రం రెండూ ఒకే పెట్టెలో మునుగుతాయి. ఒక కాపీ ఊరికి బయట ఉండాలనేది మనకు వేరేవాళ్లు చెప్పాలా?

పాతూరు_సర్వీస్:
దానికి క్లౌడే ఎందుకప్పా? వారానికోసారి డిస్కు ఒకటి ఇంటికి తీసుకుపోతే సరి.

హంద్రీ_గట్టు:
ఎన్ని వారాలు తీసుకుపోతారో చూద్దాం.

ఏడురోడ్ల_అకౌంటెంట్ (కడప):
మీరిద్దరూ డిస్కుల దగ్గరే కొట్లాడుతున్నారు. వీళ్ల అసలు తలనొప్పి ఏడుగురికి ఒకే లాగిన్. ఎవరు ఏ మెయిల్‌కు జవాబిచ్చారో, ఏది డిలీట్ చేశారో తేలదు. మనిషి మానేసినా పాస్‌వర్డ్ అతని ఫోన్‌లోనే ఉంటుంది. సొంత డొమైన్ (ఐడీలో @ తర్వాత వచ్చే పేరు) తీసుకుని ఎవరి ఐడీ వాళ్లకిచ్చి, ఆఫీసు మెయిల్‌ను షేర్డ్ మెయిల్‌బాక్స్‌గా, అంటే ఎవరి లాగిన్‌తో వాళ్లు తెరిచే ఉమ్మడి పెట్టెగా పెట్టాలి. మైక్రోసాఫ్ట్ 365లో 50 జీబీ వరకు షేర్డ్ మెయిల్‌బాక్స్‌కు వేరే లైసెన్సు అక్కర్లేదు. గూగుల్‌లో ఆ పని గ్రూపులతో నడుస్తుంది. డొమైన్ మాత్రం ఆఫీసు పేరు మీదే కొనండి, సెటప్ చేసిన కుర్రాడి పేరు మీద వద్దు.

ఫైళ్లకు కూడా ఇదే మాట. స్టాఫ్ సొంత డ్రైవ్‌లో చేసి షేర్ చేసిన ఫైలు ఆ మనిషిదే, ఆఫీసుది కాదు. వర్క్‌స్పేస్‌లో షేర్డ్ డ్రైవ్‌లో పెడితే ఎవరు మానేసినా అక్కడే ఉంటుంది.

క్లౌడ్‌లో పెట్టేశాం, బ్యాకప్ అయిపోయింది అని మాత్రం అనుకోకండి. అది సింక్, అంటే రెండు చోట్లా ఫైళ్లను ఒకేలా ఉంచడం. ఇక్కడ తీసేస్తే అక్కడా పోతుంది. డ్రైవ్ ట్రాష్‌లో 30 రోజులుంటుంది, తర్వాత లేదు. 2017 మేలో వచ్చిన వానాక్రై (ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే వైరస్) లాంటిది ఆఫీసులో చొరబడితే, తాళం పడిన ఫైళ్లే పైకి ఎక్కుతాయి. పాత వెర్షన్లు ఉంటాయి గానీ వేల ఫైళ్లను వెనక్కి తెచ్చుకోవడం చిన్న పని కాదు. కాబట్టి నాస్ కూడా ఉండనివ్వండి, రెండో కాపీకి.

లెక్కలు రాసే ట్యాలీ సాఫ్ట్‌వేర్ డేటా ఫోల్డర్‌ను మాత్రం సింక్‌లో పెట్టకండి. ట్యాలీ నడుస్తుండగా సింక్ దాన్ని ముట్టుకుంటే డేటా పాడయ్యే ప్రమాదం ఉంది. ట్యాలీలో బ్యాకప్ తీసి, ఆ కాపీనే పైకి పంపండి.

బళ్లారి_చౌరస్తా:
సార్‌కు చూపించాను, కొంచెం మెత్తబడ్డారు. డేటా మన దేశంలోనే ఉంటుందా అని అడుగుతున్నారు. మా క్లయింట్లలో ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీలు కూడా ఉన్నాయి.

ఏడురోడ్ల_అకౌంటెంట్:
మంచి ప్రశ్న. కంపెనీలు ఎలక్ట్రానిక్‌గా ఉంచే లెక్కల పుస్తకాల బ్యాకప్ రోజూ ఇండియాలో ఉన్న సర్వర్‌లోకి పోవాలని 2022 ఆగస్టులో రూల్ మార్చారు. అది కంపెనీ బాధ్యత, మీది కాదు. కానీ వాళ్ల పుస్తకాలు మీరే రాస్తుంటే అడిగేది మిమ్మల్నే. జోహోకు చెన్నై, ముంబైలలో డేటా సెంటర్లున్నాయి. మిగతా కంపెనీలదైతే ప్లాన్ కొనకముందే రాతపూర్వకంగా అడగండి.

అన్నిటికంటే పెద్ద పని ఇంకోటుంది. చాలా కన్సల్టెన్సీల్లో క్లయింట్ల జీఎస్టీ రిజిస్ట్రేషన్‌లో ఆఫీసు జీమెయిలే ఇచ్చి ఉంటారు. మీదీ అంతే అయితే నోటీసులు ఆ పాత ఐడీకే వస్తాయి. రిటర్న్‌లలో తేడాల మీద వచ్చే ఏఎస్‌ఎంటీ-10 నోటీసుకు జవాబివ్వడానికి మామూలుగా 30 రోజులే టైము. ఒక్కొక్క క్లయింట్‌కు లాగిన్ అయ్యి, ఓటీపీలు అడిగి మార్చాలి. అది అయ్యేదాకా పాత ఐడీని మూసేయకండి. అందులో స్థలం ఖాళీ చేసి, కొత్తదానికి ఫార్వర్డ్ పెట్టండి.

పాతూరు_సర్వీస్:
అంత మంది క్లయింట్ల దగ్గర ఓటీపీ అడిగేసరికి మీకు టెన్షనే. నేనైతే మెయిల్ మాత్రం మార్చుకోమంటాను. ఫైళ్లకు నాసే మేలు, ఈ మాట మీద నేను మారను.

బళ్లారి_చౌరస్తా:
సార్ కూడా అదే అంటున్నారన్నా, ముందు మెయిల్ అని. ఆడిట్ గడువు సెప్టెంబరు 30 దాటాక మొదలుపెడతాం. క్లయింట్ల లిస్టు ఈ రోజు నుంచే రాస్తున్నా.