రీసెర్చ్ గ్రాంట్ యూనివర్సిటీకి కాకుండా ట్రైబ్‌కే ఎందుకిస్తున్నారు?

ఎంపీహెచ్_అమ్మాయి: అరిజోనాలో ఎంపీహెచ్ (పబ్లిక్ హెల్త్‌లో మాస్టర్స్) చేస్తున్నా. నేటివ్ అమెరికన్లలో షుగర్ మీద థీసిస్ చేద్దామంటే ముందు ట్రైబ్ పర్మిషన్ తెచ్చుకో అంటున్నారు మా గైడ్. నార్క్ (నేటివ్ అమెరికన్ రీసెర్చ్ సెంటర్స్ ఫర్ హెల్త్) అనే స్కీంలో అయితే గవర్నమెంట్ గ్రాంటే ట్రైబ్ పేరు మీద ఇస్తారట, యూనివర్సిటీ పార్ట్‌నర్ మాత్రమేనట. ఇలా ఎందుకు పెట్టారో తెలిసినవాళ్ళు చెప్తారా?

కాన్యన్_రవి: అరిజోనాలో ఉండి హవసుపాయ్ కేసు వినలేదా అండి. గ్రాండ్ కాన్యన్ అడుగున ఉండే చిన్న ట్రైబ్, షుగర్ బాగా ఎక్కువ, దానికేమన్నా దారి దొరుకుతుందని 1990లో అరిజోనా స్టేట్ యూనివర్సిటీ వాళ్ళకి రక్తమిచ్చారు. అదే రక్తం మీద స్కిజోఫ్రెనియా, మేనరికాలు, వీళ్ళ పూర్వీకులు ఎక్కణ్ణుంచి వలసొచ్చారు, ఇవన్నీ చేసేశారు, చెప్పకుండానే. ఆ లోయలోనే పుట్టామని నమ్మే మనుషులు వాళ్ళు! 2003లో ఆ ట్రైబ్ ఆవిడే అక్కడ ఒక పీహెచ్‌డీ ప్రెజెంటేషన్‌కి వెళ్ళి కూర్చుంటే బయటపడింది. కోర్టుకెళ్తే 2010లో 7 లక్షల డాలర్లిచ్చి శాంపిల్స్ వెనక్కిచ్చారు.

హెల్త్‌డేటా_సునీత: రవిగారు చెప్పినదాంట్లో డబ్బు సంగతి కూడా చూడండి. గ్రాంట్ ఎవరి చేతిలో ఉంటే ఏ జబ్బు మీద చెయ్యాలి, ఎవర్ని పనిలో పెట్టుకోవాలి, శాంపిల్స్ ఎవరి ఫ్రీజర్‌లో ఉండాలి అన్నీ వాళ్ళే తేలుస్తారు. నార్క్ 2000 ప్రాంతంలో మొదలైంది అందుకే. కెనడాలో ఫస్ట్ నేషన్స్ అనే ఆదివాసీ జాతుల వాళ్ళు మా డేటాకి ఓనర్లం మేమే, మా దగ్గరే ఉండాలి అని 1998 నుంచీ గట్టిగా పట్టుబట్టారు. ఆస్ట్రేలియాలో మెడికల్ రీసెర్చ్ బడ్జెట్‌లో కనీసం 5 శాతం ఆదివాసీ ఆరోగ్యానికని పెట్టుకున్నారు, మంచిదే, కానీ అప్లికేషన్‌లో లీడ్‌గా ఎవరి పేరుందో చూడకపోతే ఆ 5 శాతం కూడా మళ్ళీ పాత ప్రొఫెసర్లకే పోతుంది.

భద్రాద్రి_కుర్రాడు: మన దగ్గర మాత్రం తక్కువ జరిగిందా అక్కా. 2009లో ఖమ్మం జిల్లాలో భద్రాచలం వైపు ఆడపిల్లలకి హెచ్‌పీవీ టీకా (గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా వేసేది) స్టడీ చేశారు, హాస్టల్ పిల్లల ఫారాల మీద తల్లిదండ్రుల బదులు వార్డెన్లు సంతకాలు పెట్టారు. కొందరు పిల్లలు చనిపోయారు, టీకా వల్ల కాదని ఎంక్వైరీ తేల్చింది, కానీ ఆ సంతకాల సంగతి 2013లో పార్లమెంటు కమిటీ గట్టిగానే తప్పుబట్టింది. మా కోయ ఊళ్ళల్లో ఏం స్టడీ చెయ్యాలో ఊరివాళ్ళని అడిగి, ఆ డబ్బు వాళ్ళ చేతికిచ్చే రోజు రావాలి.

ఎంపీహెచ్_అమ్మాయి: చాలా థ్యాంక్సండీ. మరి ఎక్కడ మొదలుపెట్టాలి?

హెల్త్‌డేటా_సునీత: టాపిక్ ఫైనల్ చెయ్యకుండా ముందు ట్రైబ్ హెల్త్ డిపార్ట్‌మెంట్ వాళ్ళని కలిసి వాళ్ళకేం కావాలో అడుగు. నవాజో అనే ట్రైబ్ వాళ్ళకైతే రీసెర్చ్‌కి పర్మిషన్లిచ్చే సొంత రివ్యూ బోర్డుంది, పబ్లిష్ చేసే ముందు పేపర్ కూడా వాళ్ళకి చూపించాలి, జెనెటిక్స్ రీసెర్చ్ అయితే 2002లోనే ఆపేశారు. దీనికంతా నెలలు పడుతుంది, థీసిస్ టైంలైన్‌లో ఇప్పుడే రాసి పెట్టుకోమ్మా.